అది కుటుంబ విలువల సినిమా కాదు మహాప్రభో!

నిన్న రాత్రి మా పిన్నిగారి అబ్బాయిని కూర్చోబెట్టి, ఎంతో ముచ్చటపడి, ‘మా రోసా’ అనే ఫిలిప్పీన్స్ సినిమా చూపించాను. సినిమా ఇంకా పూర్తి కాకముందే, “అమ్మానాన్నల కోసం ఆ పిల్లలు ఎంత చేశారో చూశావా అక్కా, కుటుంబమంటే అలా ఉండాలి” అని నిట్టూర్చి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

మనీలా మురికివాడలో చిల్లర కొట్టు నడుపుకుంటూ, చాటుగా షాబు అనే మత్తుమందు పొట్లాలు కూడా అమ్మే రోసాను, ఆమె భర్తను పోలీసులు పట్టుకుపోయి, కేసు రాయకుండా స్టేషను వెనక గదిలో బేరం పెడతారు. సరుకు ఇచ్చినవాణ్ణి పట్టించినా తీరని 50 వేల పెసోల కోసం పిల్లలు ఊరిమీద పడతారు. ఒకడు ఇంట్లో టీవీ అమ్మడానికి తిరుగుతాడు, ఒకడు డబ్బిచ్చే మగవాడితో గదికి వెళతాడు, కూతురు మాటలు తెగిపోయిన బంధువుల గుమ్మం ఎక్కి చీవాట్లు తింటూనే చేయి చాపుతుంది. మావాడికి కనిపించిన విలువలు ఇవీ! ఆ పిల్లలు తల్లిని వదిలిపెట్టరని తెలుసు కనుకనే పోలీసులు అంత ధైర్యంగా వెల కట్టారన్న సంగతి, పాపం, అబ్బాయిగారికి తట్టలేదు. (మన ఆసుపత్రుల బిల్లుల కౌంటర్ల దగ్గర కూడా సరిగ్గా ఈ ధైర్యమే కనిపిస్తుంది, అది వేరే సంగతి.)

చివరికి, తక్కువపడ్డ డబ్బు కోసం ఫోను తాకట్టు పెట్టడానికి బయటికి వచ్చిన రోసా, పుల్లకు గుచ్చిన ఉండలు తింటూ, ఎదురుగా కొట్టు సర్దుకుంటున్న ఒక కుటుంబాన్ని చూసి, నోట్లో ముద్ద మింగుడుపడక కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. జాక్లిన్ హోసేకు 2016లో కాన్ చలనచిత్రోత్సవం ఉత్తమ నటి పురస్కారం ఇచ్చింది ఈ పాత్రకే. ఆ సమయంలో మావాడు వాట్సాప్ చూసుకుంటున్నాడు.

అయినా వాణ్ణని ఏం లాభం? ఈ సినిమా తీసిన బ్రిలాంటే మెండోసాగారే, అదే ఏడాది జులైలో, మాదకద్రవ్యాల మీద యుద్ధమంటూ పోలీసులకు పగ్గాలు వదిలేసిన అధ్యక్షుడు దుతెర్తే తొలి వార్షిక ప్రసంగానికి దర్శకత్వం వహించారు. రోసాలాంటి చిల్లర అమ్మకందార్లు వీధుల్లో శవాలై పడుతున్న రోజుల్లో, ఆయన పెద్దాయన ముఖానికి కెమెరా కోణాలు చూసుకున్నారన్నమాట! ఆ వెనక గదిని అంత దగ్గరగా చూపించిన మనిషికి, ఆ గది తాళంచెవి ఎవరి జేబులో ఉందో తెలియదని నన్ను నమ్మమంటారా?

మావాడు వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. ఈసారి క్రికెట్ పెడతాను.