ఇంటింటా ఒక బొర్రా గుహ

విశాఖ వాసులు ఇకపై బొర్రా గుహలు చూడడానికి తెల్లవారుజామునే లేచి, కిరండూల్ రైలెక్కి, సుమారు 90 కిలోమీటర్లు పోనవసరం లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. అక్కడ సున్నపురాయిని తొలచడానికి ప్రకృతి కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీటినే నమ్ముకుని లక్షల ఏళ్లు తీసుకుంది. ఎంవీపీ కాలనీలో మా బావగారు అదే పనిని ఆదివారం ఉదయం ఒక సీసా బాత్రూమ్ యాసిడ్‌తో మొదలుపెట్టి, ఇడ్లీలు దిగేలోపు ముగిస్తారు.

కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి, ఏ పేరున కొన్నా అవి సున్నపురాళ్లే. యాసిడ్ తగలగానే వంటగట్టు మీద బుసబుసమని నురగ పొంగింది. "చూశావా బామ్మర్దీ, మురికి ఎలా వదులుతోందో!" అని బావగారు మురిసిపోయారు. ఆ వదులుతున్నది చదరపు అడుగుకింతని బేరమాడి ఆయన కొన్న బండేననీ, ఆ బుడగల్లో ఉన్నది గోలీసోడాలోని వాయువేననీ చెప్పి ఆయన ఆనందాన్ని చెడగొట్టడం నాకు మర్యాద అనిపించలేదు. ఆరాక నల్లని బండ బూడిదరంగుకు తిరిగింది. దాన్ని మరక అనుకుని రెండో సీసా తెచ్చారు. రాయి పైపొరే తినేసిన చోట కడిగితే పోవడానికేముంది? మళ్లీ పాలిష్ పట్టించాలి. బావగారు మాత్రం కొబ్బరినూనె రాశారు. నలుపు వచ్చింది, దాంతోపాటు వీధిలోని దుమ్మూ వచ్చి అంటుకుంది.

వ్యాపారులు ఈ కళలో మరింత భక్తిపరులు. దిష్టి తగలకుండా శుక్రవారం గడపకు ఇరువైపులా కోసిన నిమ్మచెక్కలను కుంకుమ అద్ది బోర్లిస్తారు. చెక్కలు తీశాక బండ మీద రూపాయి బిళ్లంత తెల్లటి గుండ్రాలు రెండు శాశ్వతంగా మిగులుతాయి. సీలర్ (రాయి రంధ్రాలను మూసే పూత) పూయించామని ధీమా పడేవారూ ఉన్నారు. సీలర్ నూనె, కాఫీ లోపలికి ఇంకకుండా కొంత వ్యవధి ఇస్తుందే తప్ప నిమ్మరసాన్ని ఆపదు.

ఇక బీచ్ రోడ్డు నుంచి చెప్పులతో ఉచితంగా వచ్చే ఇసుక. ఏ రాయి దేన్ని గీస్తుందో చెప్పే మోస్ కొలమానంలో సున్నపురాయి గట్టిదనం 3, ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజానిది 7. బండ మీద ఆ ఇసుక ఉండగానే తడిగుడ్డ వేసి రుద్దడాన్ని మనం శుభ్రత అంటున్నాం.

విరుగుడు చెప్పడానికే సిగ్గుగా ఉంది, అందులో ఘాటూ లేదు, పొగా లేదు. గుమ్మంలో పట్టా, ముందు పొడి చీపురు, తర్వాత ఆమ్లమూ క్షారమూ కాని సబ్బు నాలుగు చుక్కలు కలిపిన నీళ్లు, ఆపైన పొడిగుడ్డ. నూనె మరకైతే వంటసోడా ముద్ద పట్టించి రాత్రంతా వదిలేయాలి. ఇదంతా బావగారు శ్రద్ధగా విన్నారు.

"ఆ సబ్బునీళ్లకు నురగ వస్తుందా?" అని అడిగారు.

కొద్దిగా వస్తుందన్నాను.

"కొద్దిగానా? అయితే ఒక మూత యాసిడ్ కూడా కలుపుదాం" అన్నారు.