కొత్త అల్లుడు మోటివేషన్ గారికి, కందుకూరు నుంచి మీ మామ

మహారాజశ్రీ మోటివేషన్ అల్లుడు గారికి మీ మామ రాయునది. ఉభయకుశలోపరి. మీకేంలెండి, కుశలంగానే ఉంటారు, మా ఇంటికి వచ్చేదే తిని పడుకోవడానికి కదా.

అల్లుడు అని ఎందుకన్నానంటే మీ రాకపోకల వరస అలాగే ఉంది. జనవరి 1కి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఉగాదినాడు నా రాశికి రాజపూజ్యం ఎక్కువని పంతులుగారు చదివినప్పుడు ఒకసారి, ఆఫీసులో ఎవడికో ప్రమోషన్ వచ్చి వాడు స్వీటు డబ్బాతో నా సీటు దగ్గరికి వచ్చినప్పుడు అర్జంటుగా ఇంకోసారి. వచ్చిన ప్రతిసారీ మర్యాదలు చెయ్యాలి. పోయినేడు మీరొచ్చారని కొత్త టేబుల్ లైటు కొన్నా, నాలుగు రంగుల హైలైటర్లు కొన్నా, ఒక ఆదివారమంతా కూర్చుని స్కెచ్ పెన్నులతో గళ్ళు కొట్టి టైంటేబుల్ గీశా. తెల్లవారుజామున 4 గంటలకు లేవాలని రాశాను. ఎలా లేవాలో నేర్చుకుందామని రాత్రి ఒంటిగంట దాకా వీడియోలు చూశాను. నాలుగింటికి అలారం మోగితే లేచింది మా ఆవిడ. నన్ను తట్టి లేపి, "అది ఆపేసి పడుకోండి" అంది. అప్పటికే మీరు ఏ బస్సెక్కారో ఏమో.

ఇంతా చేసి నేను రాయాల్సింది సివిల్స్ ఏమీ కాదు, ప్రమోషన్‌కి అడ్డంగా కూర్చున్న డిపార్ట్‌మెంటల్ టెస్టు. ఏపీపీఎస్సీ వాళ్ళు ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఆ రెండుసార్లూ మీరొస్తారు, ఆ రెండుసార్లూ నేను తప్పుతాను. 2022లో మా కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. జిల్లా మారింది గానీ నా సీటు మాత్రం మారలేదు.

పోయినేడు రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువుకి నన్ను లాక్కెళ్ళింది కూడా మీరే. నీళ్ళలో దిగి, కోరిక తీరినవాళ్ళు ఇచ్చే రొట్టెల్లో చదువు కోసమని విద్య రొట్టె పట్టుకున్నా. ఇచ్చిన పెద్దావిడ, "మా మనవడు పాసయ్యాడయ్యా, నీకూ అవుతాది, చదువుకో మరి" అంది. మొదటి ముక్క మనిద్దరం శుభ్రంగా విన్నాం. చివరి ముక్క జనం గోలలో కొట్టుకుపోయింది.

మీ తాలూకు వీడియోల్లో ఒకాయన ఒట్టేసినట్టు చెబుతాడు, 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని. ఆ లెక్క ఎక్కడిదా అని తవ్వితే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాటట. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి అద్దంలో కొత్త ముఖం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన అన్నాడు. ఆ 'కనీసం' దారిలో ఎవరి సంచీలోంచో జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చువేసిన లెక్క వేరే ఉంది: అలవాటు కుదురుకోవడానికి సుమారు 66 రోజులు, తొందరగా పట్టేవాళ్ళకి 18, మొండిఘటాలకి 254 దాకా పట్టొచ్చని అంచనా. నేను ఏ గుంపో మా ఆవిడ అడక్కుండానే చెప్పింది. మధ్యలో ఒక రోజు తప్పినా కొంప మునగదని కూడా అందులో ఉంది. మీరేమో ఒక్క రోజు తప్పితే అలిగి, మళ్ళీ పండక్కి గానీ రారు.

మీ ముఖం చూసి ఎరగని మనిషి మా నాన్న. బ్యారన్‌లోకి, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే గదిలోకి, పొగాకు ఎక్కించాక అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. పక్కనే నులకమంచం. ఒంటిగంటకి, మళ్ళీ మూడింటికి లేచి, లుంగీ బిగించుకుని, చిన్న కిటికీలోంచి బ్యాటరీ లైటు వేసి థర్మామీటర్ చూసేవాడు. వేడి తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఉండిపోతుంది, ఆలస్యం చేస్తే నల్లబడుతుంది, అప్పుడిక వేలంలో దాన్ని తలెత్తి చూసేవాడుండడు. చూసి, పొయ్యిలోకి ఇంకో మొద్దు ఎగదోసి, మళ్ళీ నడుం వాల్చేవాడు. "నీకు నిద్ర రాదా నాన్నా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగా. "ఎందుకు రాదురా" అన్నాడు ఆవులిస్తూ, లేస్తూ.

ఆఫీసు పనితో తీరిక లేదని ఇన్నేళ్ళూ మీరు నేర్పిన వంక ఒకటుంది. అది ఇంకెక్కడైనా చెల్లుతుందేమో గానీ మా నెల్లూరు వైపు కష్టం. ఇక్కడ తిక్కన గారు మనుమసిద్ధి దగ్గర మంత్రి ఉద్యోగం వెలగబెడుతూనే విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెలుగు చేశారు. మూడ్ వచ్చినప్పుడల్లా రాసుంటే పాండవులు ఇంకా విరాటరాజు కొలువులోనే ఉండేవాళ్ళు.

ఈ ఏడు నేను చేస్తున్నది చెబితే మీకు చిన్నతనంగా ఉంటుంది. రాత్రి అన్నం తిన్న కంచం కడుగుతాను, ఆ చెయ్యి తుడుచుకుని పుస్తకం తీస్తాను. రెండు పేజీలు. తలనొప్పిగా ఉన్నా రెండే, హుషారుగా ఉన్నా రెండే. టేబుల్ లైటూ లేదు, టైంటేబులూ లేదు, వంటింటి గట్టు మీద పోపుల డబ్బా పక్కన నిలబడే చదువుతున్నా. ట్రావెలింగ్ అలవెన్సు రూల్సున్న పేజీల నిండా పసుపు మరకలు, హైలైటర్ ఖర్చు మిగిలింది. మొన్న ఒక పెళ్ళికెళ్ళి రాత్రి చదవలేదు. మర్నాడు కంచం కడిగేసరికి చెయ్యి దానంతటదే పుస్తకం వైపు పోయింది, నాకే ఆశ్చర్యం వేసింది. అది 71వ రోజట. బియ్యం డబ్బా మూత మీద గీతలు పెడుతూ లెక్కపెట్టింది మా ఆవిడ.

సంక్రాంతికి వస్తామని కబురు పెట్టారు. రండి, అరిసెలుంటాయి, కనుమనాడు చేపల పులుసు పెట్టిస్తాను. రాత్రి తొమ్మిదింటికి మాత్రం మీతో కబుర్లకి కుదరదు, హాల్లో టీవీ చూసుకుంటూ కూర్చోండి.

కంచం ఇంకా కడగలేదు. ఉంటాను.

తా.క.: ఆ టేబుల్ లైటు మా అబ్బాయి హాస్టల్‌కి పట్టుకుపోయాడు. మళ్ళీ కొందామని మాత్రం అనకండి.