వంటిల్లు ఉంటే విశ్రాంతి ఉండదా?
సెలవుల్లోనూ వంట చేసుకుంటే విశ్రాంతి దక్కదన్న వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. వంట భారమంతా ఆడవాళ్ల మీదే పడితే నిజమే, అది సెలవు కానే కాదు. మేం సిరొంచలో ప్రాణహితకు దగ్గరగా ఇల్లు అద్దెకు తీసుకుని హాయిగా గడిపాం. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాయే అయినా బజారులో తెలుగులోనే బేరమాడి చేపలు కొన్నాం. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, చింతపండు పులుసు చిక్కబడేదాకా పొయ్యి పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. ఇంటి దగ్గర ఆ తీరిక ఎప్పుడు దొరుకుతుంది? హోటల్లో అయితే వాళ్లు పెట్టే వేళకే తినాలి. ఇక్కడ ఆకలైనప్పుడే వండుకున్నాం. సాయంత్రం వంతెన దాటి కాళేశ్వరం వెళ్లి, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట చీకటి పడేదాకా కూర్చునేవాళ్లం. గిన్నెలు మాత్రం రోజూ మా వారే తోమారు.