నా గేర్ నా ఇష్టం అనేవాళ్ళతో నేను గుహలోకి దిగను

కొంచెం పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. నేను ఉత్తర ఫ్లోరిడా నీటి గుహల్లో డైవింగ్ చేస్తానని తెలిశాక ఇక్కడి మనవాళ్ళు కొందరు గేర్ (డైవింగ్ సామగ్రి) కొనేముందు ఫోన్ చేసి అడుగుతున్నారు. అడిగినందుకు సంతోషమే. కానీ చివరికి అందరూ వచ్చి ఆగేది ఒకే మాట దగ్గర: "ఎవరికి ఏది సౌకర్యంగా ఉంటే అది పెట్టుకోవచ్చు కదా, ఈ స్టాండర్డ్ గోలంతా ఎందుకు?" స్టాండర్డ్ అంటే బృందంలో అందరూ గేర్‌ని ఒకే తీరులో అమర్చుకోవడం. అది వద్దనే మాట వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. ఎందుకో వివరంగా చెప్తాను.

రుషికొండ దగ్గర సముద్రంలో ఒక్కసారి దిగి చూసినవాళ్ళకి కూడా తెలుసు, ఏదైనా తేడా వస్తే పైకి వచ్చేయొచ్చని. గుహలో పైన ఉండేది రాయి. ఎంత లోపలికి వెళ్ళామో అంత దూరం, వచ్చిన దారినే, దారి తెలియడానికి పరిచిన తాడు (గైడ్‌లైన్) పట్టుకుని వెనక్కి రావాల్సిందే. కాళ్ళకి వేసుకునే ఫిన్ ఒక్కసారి అడుగున తగిలితే ఒండ్రు లేచి, మన చెయ్యి మన మొహం ముందు పెట్టుకున్నా కనిపించదు. బెలూం గుహల్లో కరెంటు పోతే ఉన్నచోటే కూర్చుని ఎవరో ఒకరు టార్చ్ తెచ్చేదాకా ఆగొచ్చు. ఇక్కడ ఆగగలిగేది సిలిండర్లో గ్యాస్ ఉన్నంతసేపే.

ఆ గ్యాస్ లెక్క కూడా చూడండి. అమెరికన్ గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1970ల్లోనే గుహల్లో జరిగిన మరణాలను విశ్లేషించి ప్రచారం చేసిన నియమం ఇది: మూడో వంతు గ్యాస్‌తో లోపలికి వెళ్ళు, మూడో వంతుతో బయటికి రా, మిగతా మూడో వంతు ముట్టుకోకు. ఆ ముట్టుకోనిది ఎవరికోసం? ముఖ్యంగా నీ పక్కవాడి కోసం. అంటే నీ వీపు మీద నువ్వు మోస్తున్న గ్యాస్‌లో ఒక భాగం నీది కాదు. అది అవతలివాడికి అందాలంటే ఒకటే మార్గం, నీ హోస్ (గ్యాస్ వచ్చే గొట్టం), నీ రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని పీల్చేది). అవి ఎక్కడున్నాయో, ఎలా వస్తాయో వాడికి చీకట్లో కూడా తెలియాలి. మరి "నా గేర్ నా ఇష్టం" అనే మాటకి చోటెక్కడుంది?

మామూలు సరదా డైవింగ్‌లో పక్కవాడి కోసం పసుపు రంగు రెగ్యులేటర్ ఒకటి పక్కన వేలాడుతూ ఉంటుంది. ఊపిరి అందనివాడు దాన్ని వెతకడు. నీ నోట్లో ఉన్నదాన్ని లాక్కుంటాడు, ఎందుకంటే అది పనిచేస్తోందని వాడికి కళ్ళెదురుగా కనిపిస్తోంది. గుహ డైవర్లు చేసిన మంచి పని ఏంటంటే, దీన్నే పద్ధతిగా మార్చేశారు. నోట్లో ఉన్నదే ఇచ్చేస్తాం, దానికి 7 అడుగుల పొడవు హోస్ ఉంటుంది. మన బ్యాకప్ రెగ్యులేటర్ మెడలో రబ్బరు తాడుకి గడ్డం కిందే ఉంటుంది, అది మనం పెట్టుకుంటాం. ఆ 7 అడుగులు ఎందుకంటే, సందు ఇరుకైన చోట ఇద్దరూ పక్కపక్కన పట్టరు, ఒకరి వెనక ఒకరు ఈదాలి. గజం హోస్‌తో అది కుదిరే పని కాదు.

ఇంకో చిన్న విషయం, నాకు చాలా ఇష్టమైనది. వీపు మీద జంట సిలిండర్లు, పైన రెండు వాల్వులు. తలపైన రాయి తగులుతూ ముందుకి వెళ్తుంటే ఎడమ వాల్వ్ నాబ్ మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు తిరుగుతుంది. అందుకే పొడవు హోస్ ఎప్పుడూ కుడి వాల్వుకే. ఎడమది తెలియకుండా మూసుకుపోయినా, పక్కవాడికి ఇవ్వాల్సిన రెగ్యులేటర్ బతికే ఉంటుంది. ఇలాంటి కారణం దాదాపు ప్రతి దానికీ ఉంది. క్లిప్పుని, గ్యాస్ ఎంత మిగిలిందో చూపే గేజ్‌కి లోహంతో లోహం కలిపి బిగించరు, తాడుతో కడతారు, ఇరుక్కుంటే కోసేయడానికి. మెయిన్ లైట్ ఎడమ చేతిలో ఉంటుంది, కుడి చెయ్యి హోస్ ఇవ్వడానికి ఖాళీగా ఉండాలి కాబట్టి. ఫ్లోరిడా గుహ డైవర్ బిల్ హోగార్త్ మెయిన్ పేరుతో పిలిచే ఈ అమరిక మూలమంతా ఇదే: అవసరం లేనిది తీసేయ్, ఏదీ వేలాడనివ్వకు, ప్రతిదానికీ ఒక చోటు. ఎవరి కోసమో అందంగా కనిపించాలని పెట్టినవి కావు ఇవి.

పైకి వచ్చేటప్పుడు ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్‌కి మారడానికి వాడే సిలిండర్ల దగ్గరికి వస్తే నాకు ఇంకా భయం. లోతు నుంచి వస్తూ 21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ మిశ్రమం, 6 మీటర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాం. అదే స్వచ్ఛమైన ఆక్సిజన్ పొరపాటున 30 మీటర్లలో పీలిస్తే దాని పీడనం 4 బార్లు, మనం హద్దుగా పెట్టుకున్నది 1.6. మూర్ఛ రావచ్చు, రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోతుంది, అక్కడితో అయిపోతుంది. ఇలా అనుభవం ఉన్నవాళ్ళే చనిపోయారు. అయినా కొందరు "నాకు రంగుని బట్టి తెలుసు, ఆకుపచ్చ రెగ్యులేటర్ అంటే ఆక్సిజన్" అంటారు. అయ్యా, కోవిడ్ రెండో వేవ్‌లో మనం చూసిన ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ నలుపు, భుజం దగ్గర తెలుపు. అమెరికాలో అదే ఆక్సిజన్ ఆకుపచ్చ. నీళ్ళలో లోతుకి వెళ్ళేకొద్దీ అసలు రంగులే మాసిపోతాయి. సిలిండర్ మీద, దాన్ని పీల్చగల లోతుని పెద్ద అంకెల్లో 6 అనో 21 అనో, పక్కవాడికి కనిపించేలా రాయండి. లోతు చూసుకోండి, హోస్‌ని చేత్తో సిలిండర్ దాకా తడిమి చూడండి, పక్కవాడు సరే అనేదాకా నోట్లో పెట్టుకోకండి. ఇందులో సొంత శైలి అనే మాటే ఉండకూడదు.

ఎదుటివాళ్ళ వాదనలో బలమైనది ఒకటుంది, దాన్ని దాటేయను. గుహ ప్రమాదాలకి ముఖ్య కారణాలుగా చెప్పేవి శిక్షణ లేకపోవడం, గైడ్‌లైన్ లేకపోవడం, గ్యాస్ మిగుల్చుకోకపోవడం, మితిమీరిన లోతు, సరిపడా లైట్లు లేకపోవడం. ఈ ఐదింటిలో గేర్ అమరిక ఎక్కడా లేదు కదా అంటారు. నిజమే, పేరు పెట్టి లేదు. కానీ గైడ్‌లైన్, గ్యాస్, లైట్లు అన్నీ మన ఒంటి మీద ఉన్న వస్తువులతోనే నడుస్తాయి. మూడు లైట్లు తెచ్చుకుని, రెండోది ఏ జేబులో ఉందో చీకట్లో వెతుక్కుంటుంటే ఆ లైటు ఉన్నట్టా లేనట్టా?

అసలు ఈ విషయం మీద ఇంత వ్యతిరేకత రావడానికి మన పక్షం వాళ్ళ తప్పూ ఉంది. 1990ల్లో ఉత్తర ఫ్లోరిడాలోని వకుల్లా నీటి గుహల్లో పనిచేసిన డబ్ల్యూకేపీపీ అనే గుహ డైవర్ల బృందం ఈ అమరికని పక్కాగా పాటించింది, దానికి నాయకత్వం వహించిన జార్జ్ ఇర్విన్ తనతో ఏకీభవించని డైవర్లని బహిరంగంగా అవమానించేవాడు. బృందం సాధించింది చిన్నదేమీ కాదు. 2007లో జారెడ్ జబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్‌లే టర్నర్ సింక్ అనే నీటి గుంటలో దిగి వకుల్లా స్ప్రింగ్ అనే ఊటలో తేలారు, నీటి అడుగున దాదాపు 11 కిలోమీటర్లు. కానీ ఆ తిట్లు గుర్తున్నవాళ్ళకి ఈ కారణాలేవీ చెవికెక్కలేదు. ఇప్పటికీ "స్టాండర్డ్" అనగానే కొంతమంది మొహం మాడ్చుకునేది అందుకే అని నా అభిప్రాయం.

అలాగని ఒకే అమరిక ప్రపంచమంతా అనడం లేదు. 2018లో థాయిలాండ్ థామ్ లువాంగ్ గుహలో చిక్కుకుపోయిన పిల్లల్ని కనిపెట్టిన బ్రిటిష్ డైవర్లు సిలిండర్లు పక్కలకి కట్టుకుంటారు, వాళ్ళ దేశపు ఇరుకు బురద గుహలు నేర్పిన పద్ధతి అది. కానీ పిల్లల్ని బయటికి తెచ్చే ముందు వాళ్ళేం చేశారు? స్థానిక పిల్లలతో ఈతకొలనులో మాస్కు, ముందువైపు కట్టే సిలిండర్, అన్నీ సాధన చేసి చూసుకున్నారు. గుహని బట్టి అమరిక మారొచ్చు, ఒకే బృందంలో మనిషిని బట్టి మారకూడదు. పక్కలకి కట్టుకునేవాళ్ళు రెండు సిలిండర్ల నుంచి మార్చి మార్చి పీలుస్తారు, కాబట్టి ఆ నిమిషంలో పొడవు హోస్ నోట్లో ఉందా క్లిప్పుకి ఉందా అన్నది పక్కవాడికి ముందే తెలిసి ఉండాలి. వదిలిన ఊపిరినే శుద్ధి చేసి మళ్ళీ పీల్చుకునేలా చేసే రీబ్రీదర్ల సంగతి ఇంకా చిక్కు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, అది వేరే పోస్ట్.

ఇక ఫోన్ చేసేవాళ్ళకి. ఏ బ్రాండ్ అని అడగకండి, స్టాండర్డ్ పేరు చెప్పి బ్రాండ్ అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. కోర్సు మొదలుకాకముందు ఏమీ కొనకండి, అద్దె గేర్‌తో వెళ్ళండి. నాతో దిగాలనుకుంటే, నీళ్ళలో దిగగానే లోతు లేనిచోట మీ పొడవు హోస్ నాకు పూర్తిగా విప్పి ఇవ్వాలి, నాది మీరు తీసుకుని పీల్చాలి, వాల్వులు, మూడు లైట్లు, గేజ్, కట్టర్ ఒకరివి ఒకరం చూసుకోవాలి. తొందరగా వెళ్దాం, ఇవన్నీ తర్వాత అంటే ఆ రోజు నేను దిగను.