ఆగిన గడియారానికి రెండు మార్కులు

తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువగా మిస్ హావిషామ్ ఇంట్లో గడియారాలన్నీ ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో మా మేనకోడలు ఠక్కున చెప్పింది. "గతించిన కాలానికి ప్రతీక మామయ్యా. రెండు మార్కులు." ఇంతకీ ఆ హావిషామ్ ఎవరే అంటే, "అది అడగరులే" అంది.

పిల్లది కాదు తప్పు. దాని చేతిలో గైడు ఉంది. డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' ఎనిమిదో అధ్యాయాన్ని పద్నాలుగు వాక్యాల్లో తేల్చేసిన గైడు. ఈ పొదుపు డికెన్స్‌కి చేతకాలేదు పాపం. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం సీరియల్ రాస్తూ కూర్చున్నాడు. ఇతివృత్తాలు నాలుగు, ప్రతీకలు మూడు అని ముందే పట్టిక గీసుకుని ఉంటే ఒక్క పూటలో పని తెమిలేది.

అసలు ఆ గైడు, హావిషామ్ ఇంటికి ఆడుకోవడానికి వెళ్లిన కుర్రాడు పిప్ చేతిలోనే ఉంటేనా! కొవ్వొత్తుల వెలుగులో, పసుపురంగుకు తిరిగిన పెళ్లిబట్టల్లో, ఒక కాలికే షూతో కూర్చున్న, పెళ్లిరోజే వరుడు మోసగించిన ఆ ముసలావిడ "ఆడు!" అంటుంది. "క్లుప్తంగానా అమ్మా, సోదాహరణంగానా?" అంటాడు పిప్. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని ఇదేమిటంటుంది. "భగ్నహృదయం. మూడో ఇతివృత్తం. నాలుగు మార్కులు." మరి బల్ల మీది ఆ రెండో షూ? "అసంపూర్ణ జీవితం. ఒక మార్కే, చాయిస్‌లో వదిలేయొచ్చు." ఆవిడ తెల్లబోతుంది. ఇన్నేళ్ల నా ఏడుపు అర పేజీకి కూడా రాదా అనుకుని, రెండో షూ తొడుక్కుని, గడియారాలకు కీ ఇచ్చి, కిటికీలు తెరిచేస్తుంది. నవల అక్కడితో సమాప్తం. తక్కిన యాభై చిల్లర అధ్యాయాల బెడద విద్యార్థులకు శాశ్వతంగా తప్పుతుంది.

అదే అధ్యాయం మొదట్లో పంబుల్‌చుక్ ఉంటాడు. పిల్లాడు "గుడ్ మార్నింగ్" అంటే "ఏడు తొమ్ముళ్లు?" అని బదులిచ్చే పెద్దమనిషి. వాడు ఆకలితో ఒక్క ముద్ద మింగబోయేసరికల్లా ఇంకో కూడిక అడుగుతూ, తాను మాత్రం సుష్టుగా తింటాడు. గైడులో ఈయన ఊసే లేదు. ఎవరి బొమ్మ వారు వేసుకోరు కదా.

సరే, ఇదంతా భరించవచ్చు. చివరి సంగతి భరించలేను. నేవ్ అనాల్సిన పేకముక్కను జాక్ అన్నాడని, చేతులు మొరటని, బూట్లు మందమని వెక్కిరించిన హావిషామ్ పెంపుడు కూతురు ఎస్టెల్లా, ఆనక వాడి మొహం కూడా చూడకుండా కుక్కకు పడేసినట్టు రొట్టె, మాంసం ఇచ్చి పోతుంది. వాడు గోడకు ఆనుకుని ఏడుస్తాడు. గోడను తంతాడు. జుట్టు పీక్కుంటాడు. పిల్లల చిన్న లోకంలో అన్యాయమంత సూక్ష్మంగా తాకేది మరొకటి లేదని డికెన్స్ చెప్పేది ఇక్కడే. గైడు ఏమంటుందో తెలుసా? "ఇందు వర్గభేదము వెల్లడైనది." వెల్లడవడమేమిట్రా నీ మొహం! పసివాడు గోడను తంతుంటే పక్కన నిలబడి మార్కులు లెక్కపెట్టుకునే నువ్వు ఎప్పుడైనా పిల్లాడిగా ఉన్నావా? నిన్నెవరూ ఎప్పుడూ చిన్నబుచ్చలేదా?

గైడు లాక్కుని పుస్తకం చేతిలో పెట్టాను. అది చదువుతుంటే ఉండబట్టలేక "ఎందుకు ఏడ్చాడో చెప్పు చూద్దాం" అనబోయి నాలుక కరుచుకున్నాను. పంబుల్‌చుక్ ఎక్కడికీ పోలేదు, నా కుర్చీలోనే ఉన్నాడు.

కాసేపటికి అదే తలెత్తింది. "మామయ్యా, ఇంతకీ ఆ రొట్టె తిన్నాడా?"

తిన్నాడని తెలుసు. చెప్పలేదు. తనే పేజీ తిప్పింది.