ముందు ఒప్పందం, తర్వాత సంప్రదింపు: ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ చేతులు మారిన తీరు

అమెరికాలో ఇంటర్నెట్‌కు వెన్నెముకగా పనిచేసిన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ 1995 ఏప్రిల్ 30న మూతపడింది. దాన్ని ప్రైవేటుకు వదలడం తప్పనిపించదు. ప్రజల సొమ్ముతో పెరిగిన దారి మీద టోలు ఎవరు వసూలు చేసుకోవాలో గుట్టుగా తేల్చేయడమే అన్యాయం.

1987లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఈ వెన్నెముకను నడిపే పనిని మిషిగన్‌లోని విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ సంస్థ మెరిట్‌కు అప్పగించింది. కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం, టెలిఫోన్ కంపెనీ ఎంసీఐ భాగస్వాములు. ఈ ముగ్గురూ 1990లో ఏఎన్‌ఎస్ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టారు. మరుసటి ఏడాది దాని కింద లాభాల కోసమే ఒక కంపెనీ పుట్టింది. సెకనుకు 45 మెగాబిట్ల టీ3 నెట్‌వర్క్ ఏఎన్‌ఎస్ చేతిలో ఉంటే, ఫౌండేషన్ అందులో సేవ కొనుక్కునే ఖాతాదారుగా మిగిలింది. అదే నెట్‌వర్క్ మీద వ్యాపార ట్రాఫిక్ నడుపుకోవడానికి ఏఎన్‌ఎస్‌కు అనుమతి దొరికింది. దానికి పోటీ టెండరు లేదు, బహిరంగ ప్రకటనా లేదు. 1991 డిసెంబరులో పత్రికలకెక్కాక గానీ రచ్చ కాలేదు.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, రూటింగ్‌లో, అంటే డేటా ఏ దారిన వెళ్లాలో తేల్చే చోట. వెన్నెముకను విద్య, పరిశోధనలకే వాడాలన్నది నిబంధన. కాబట్టి ఏఎన్‌ఎస్‌కు పోటీగా ఇంటర్నెట్ సేవ అమ్మే పీఎస్‌ఐ ఖాతాదారు పంపిన వ్యాపార ప్యాకెట్‌కు (డేటా తునకకు) అటుగా విశ్వవిద్యాలయానికి దారి లేదు. ఏఎన్‌ఎస్ ఖాతాదారుకైతే, అవతలి ప్రాంతీయ నెట్‌వర్క్ ఏఎన్‌ఎస్‌తో ఒప్పందం చేసుకుని ఉంటే చాలు, దారి తెరుచుకునేది. పీఎస్‌ఐ, అలాంటివే అయిన యూయూనెట్, సెర్ఫ్‌నెట్ కలిసి 1991లో సీఐఎక్స్ అనే సొంత కూడలి పెట్టుకుని, ట్రాఫిక్‌కు ఒకరికొకరు డబ్బు కట్టుకోకుండా ఇచ్చిపుచ్చుకున్నాయి. 1992 మార్చిలో అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు రిక్ బౌచర్ నడిపే ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. వ్యాపార వినియోగానికి ఎందుకు ఒప్పుకున్నారో ఫౌండేషన్ దస్త్రాల్లో రాసి లేదని దాని సొంత తనిఖీ అధికారి ఇన్‌స్పెక్టర్ జనరలే 1993లో తేల్చారు. ఇంత పెద్ద నిర్ణయానికి ఒక్క కాగితమైనా లేకపోవడం చిన్న పొరపాటు కాదు.

ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ స్థానంలో కొత్త ఏర్పాటు చేసేటప్పుడు, అంటే రెండోసారి, పద్ధతి మారింది. కొత్త నిర్మాణం ముసాయిదాను 1992లో జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగారు, 1993లో టెండరు పిలిచారు. నెట్‌వర్కులు కలుసుకునే కూడళ్లను, రూటింగ్ సమాచారం చూసే పనిని విడదీసి వేర్వేరు సంస్థలకిచ్చారు. సాయం కూడా ప్రాంతీయ నెట్‌వర్కుల చేతికే, ఏటా తగ్గిస్తూ నాలుగేళ్లపాటు అందేలా చూశారు. నచ్చిన కంపెనీ దగ్గర సేవ కొనుక్కునే వీలు వాళ్లకు దక్కింది. చేయాల్సిన పని ఇదే.

ఒక్క లోటు మాత్రం మిగిలింది. కూడలికి వచ్చి లైను కలుపుకున్నంత మాత్రాన అక్కడున్న పెద్ద కంపెనీ మీ ట్రాఫిక్ తీసుకోవాలన్న షరతు ఎక్కడా పెట్టలేదు. కూడళ్లు కిక్కిరిసేసరికి పెద్దవాళ్లు తమలో తాము నేరుగా లైన్లు వేసుకున్నారు. చిన్న కంపెనీలు ఆ రద్దీలోనే ఉండిపోయాయి.