శ్వానాయంలో మదర్‌బోర్డు

కంప్యూటర్ లోపలి సరుకంతా పెట్టే పెట్టె, అదే క్యాబినెట్, ఏ సైజుది కొనాలన్న ప్రశ్నను నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి ఒంగోలు కర్నూలు రోడ్డు దాకా మనవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. దుకాణంలో అన్నిటికన్నా ఎత్తయినది ఏదో అదే సరైన సైజు. దాని వెనక ఇంకా ఎత్తయినది కనిపిస్తే అది మరింత సరైన సైజు. ఈ సిద్ధాంతానికి ఎదురు చెప్పేవాడు పిసినారి అయినా కావాలి, చదువుకున్నవాడైనా కావాలి. రెండూ అయినవాణ్ణి దుకాణం మెట్లు ఎక్కనివ్వకపోవడమే మంచిది.

బయటి దేశాల్లో ఇంకా పాత పద్ధతే నడుస్తోంది, పాపం. వాళ్ళు ముందు మిగతా భాగాలన్నీ బిగించే పలక, అంటే మదర్‌బోర్డు ఎంచుకుంటారు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. తరవాత వచ్చిన మైక్రో ఏటీఎక్స్ ఎటు చూసినా 244, అంటే జానెడు మీద కాస్త. 2001లో తైవాన్ కంపెనీ వియా తెచ్చిన మినీ ఐటీఎక్స్ 170కి 170. బోర్డు ఖాయమయ్యాక తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు పొడవెంత, కంప్యూటర్‌కు మెదడైన ప్రాసెసర్ మీద కూర్చుని దాన్ని చల్లబరిచే కూలర్ ఎత్తెంత అని చూసుకుని, ఆ రెండూ పట్టే పెట్టె కొంటారు. ఎంత పొడవు కార్డు పడుతుందో, ఎంత ఎత్తు కూలర్ పడుతుందో పెట్టె తయారుచేసేవాడే రాసి ఇస్తాడు. అంతటితో పని అయిపోతుంది. ఈ తతంగంలో మేనమామ ప్రమేయం ఎక్కడా లేదు. అలాంటి కొనుగోలుకు శోభ ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా పెట్టెలో పెట్టే సరుకు ఏటేటా చిక్కిపోతోంది. డీవీడీ డ్రైవు కాలం చేసింది. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కు పోయి, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు ఉండే ఎం.2 ముక్క వచ్చి నేరుగా బోర్డు మీదే పడుకుంది. ఆటలాడనివాళ్ళకు గ్రాఫిక్స్ కార్డు అక్కరే లేదు, ఆ పని చాలా ప్రాసెసర్లు తామే చేసుకుంటాయి. లోపలివన్నీ ఇలా శుష్కిస్తుంటే పెట్టె మాత్రం ఒళ్ళు చేస్తోంది.

ఒంగోలు సంతపేటలో మా బంధువుల ఇంట జరిగిన కొనుగోలును ఉదాహరణగా తీసుకుందాం. అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. తనకు కావలసినవి ఒక తెల్లకాగితం మీద రాసింది. మైక్రో ఏటీఎక్స్ బోర్డు, మంచి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, లోపలివాటికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పేరున్న కంపెనీది, ముందువైపు జాలీ ఉన్న చిన్న క్యాబినెట్. చివర ‘లైట్లు అక్కర్లేదు’ అని రాసి కింద గీత కూడా గీసింది. తండ్రి చదివి బాబాయికి ఇచ్చాడు. బాబాయి చదవకుండానే మేనమామకు ఇచ్చాడు. మేనమామ కళ్ళజోడు సవరించుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ కాగితం మళ్ళీ ఎవరి కంటా పడలేదు.

“చూడమ్మా, హాల్లో ఉండే వస్తువు. ఇంత డబ్బు పోసి బియ్యం డబ్బా అంత పెట్టె తెచ్చారా అని నలుగురూ అడిగితే మీ నాన్న తల ఎక్కడ పెట్టుకోవాలి?”

“పని చేస్తే చాలు కదా మామయ్యా!”

“పని ఎలాగూ చేస్తుంది. కనపడాలి కదా!”

కనపడింది. రెండడుగుల ఎత్తు, ముందు అద్దం, పక్కన అద్దం, ఆరు ఫ్యాన్లు, ఫ్యాను ఫ్యానుకూ ఏడు రంగులు. ఆటోలో నిలబెడితే పట్టలేదు. బాబాయీ మేనమామా ఎదురెదురుగా కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చారు. లోపల అమ్మాయి అడిగిన మైక్రో బోర్డే ఉంది, పై మూలన నక్కి. కింద బోలెడంత ఖాళీ. వారంటీ కార్డులు, మిగిలిన స్క్రూలు అందులోనే దాచుకోవచ్చునని బాబాయి సూచించాడు. అది చెడ్డ సలహా అని నేను అనను. ఆ ఖాళీకి అంతకన్నా మంచి ఉపయోగం ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి చేరాక తెలిసింది, అది కంప్యూటర్ టేబుల్‌లో పట్టదని. ఆ టేబుల్ మామూలుది కాదు. అన్న చదువుకునే రోజుల్లో వడ్రంగి చేత టేకుతో చేయించినది. సీపీయూకు ప్రత్యేకంగా గూడు, గూటికి తలుపు, తలుపుకు తాళం. వడ్రంగిని పిలిపించారు. ఆయన టేపు తీసి టేబులూ కొలిచాడు, క్యాబినెట్టూ కొలిచాడు. “పెట్టెనే ఓ నాలుగంగుళాలు కోస్తే పోలా?” అన్నాడు. అది ఇనుమని తెలిశాక నొచ్చుకుంటూనే గూటి పైపలక ఊడదీసి నాలుగంగుళాలు ఎత్తి బిగించాడు, తలుపుకు అతుకు వేశాడు. పెట్టె దూరింది. తలుపు పడింది. అందరూ సంతోషించారు. తాళం వేసి చూశారు, అదీ పడింది. ఇంకా సంతోషించారు. చుట్టుపక్కల నలుగురికీ కనపడాలని కొన్న ఏడు రంగుల అద్దాల పెట్టె ఆ విధంగా టేకు చెక్కల మధ్య తాళం వెనక స్థిరపడింది. చుట్టాలు వస్తే మేనమామ తాళంచెవి తెప్పించి తలుపు తీసి చూపిస్తాడు, కాఫీలు అయ్యాక మళ్ళీ వేస్తాడు.

ఆ తరవాత సిద్ధాంతిగారికి ఫోను వెళ్ళింది. కరెంటు వస్తువు కనక ఆగ్నేయంలో ఉండాలని ఆయన సెలవిచ్చారు. ప్లగ్గు ఈశాన్యంలో ఉంది. హాలుకు అడ్డంగా వైరు లాగి దాని మీద పట్టా పరిచారు. పెట్టెకు ఆయం కూడా చూడమని అడిగితే ఇంటికి తప్ప సామానుకు చూడనని ఆయన ఫోను పెట్టేశారు. ఆ లోటు నేను తీరుస్తాను.

ఆయం అంటే ఇంటి మంచిచెడ్డలు చూసే వాస్తు లెక్క. వైశాల్యాన్ని 9తో హెచ్చవేసి 8తో భాగిస్తే మిగిలే శేషమే కదా ఆయం. బేసి వస్తే శుభం, సరి వస్తే అశుభం. బోర్డుల్ని మిల్లీమీటర్లలో లెక్క కట్టి చూడండి. ఏటీఎక్స్ వైశాల్యం 74,420, శేషం 4, శ్వానాయం, అంటే కుక్క. మినీ ఐటీఎక్స్ 28,900, అదీ శ్వానాయమే. అమ్మాయి కోరుకున్న మైక్రో ఏటీఎక్స్ 59,536, శేషం సున్న, కాకాయం. ఇక బాగా పెద్దది కావాలనేవాళ్ళు తెచ్చుకునే 305కి 330 బోర్డుంది. దాని శేషం 2, ధూమాయం. పేరులోనే పొగ ఉంది. గిత్తలకు పేరుపడ్డ ఒంగోలులో ఒక్క బోర్డుకైనా వృషభాయం పట్టలేదంటే మనసు కలుక్కుమంటుంది. ఇంటెల్ వాళ్ళు ఏటీఎక్స్ కొలతలు ఖాయం చేసే ముందు ఒక్క సిద్ధాంతినైనా సంప్రదించి ఉంటే పోయేదేముంది? పొడవులో ఒక్క మిల్లీమీటరు, వెడల్పులో ఒక్క మిల్లీమీటరు పెంచితే సరిపోయేది. 306కి 245 అయితే శేషం 2, మళ్ళీ పొగే. సరే, పెంచకపోవడమే మంచిదయింది.

వాస్తు సంగతి అలా ఉంచి గాలి సంగతి చూద్దాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులున్న ఊళ్ళో కంప్యూటర్ పెట్టెకు కావలసింది ముందునుంచి చల్లగాలి లోపలికి, వెనకనుంచి వేడిగాలి బయటికి. ఫ్యాను గదిలో ఉన్న గాలినే తోస్తుంది, గదికన్నా చల్లగా దేన్నీ చేయలేదు. కాబట్టి ఆ గాలైనా ధారాళంగా రావాలి. ముందు జాలీ, జాలీ వెనక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వెనక ఒకటి ఉంటే చిన్న పెట్టెకైనా చాలు. చీమకుర్తి గ్రానైట్ పొడి, లారీలు లేపే దుమ్ము జాలీ వెనకున్న వడపోత తెర మీద పేరుకుంటాయి. తెర లాగి కడిగి ఆరబెట్టుకుంటే సరి. మనం కొన్నది మాత్రం ముందంతా నున్నటి అద్దం. గాలి రావలసింది అద్దం అంచున వేలెడు సందులోంచి. ఆ సందుకు ఎదురుగా టేకు తలుపు. వెనకనుంచి వచ్చిన వేడిగాలి గూట్లోనే ప్రదక్షిణం చేసి మళ్ళీ ముందుకు వచ్చి లోపలికి పోతుంది. 100 డిగ్రీల దగ్గరికి చేరేసరికి ప్రాసెసర్ ప్రాణం కాపాడుకోవడానికి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ ఇంట్లో పరిస్థితులకు తగ్గట్టు సర్దుకుపోయిన బుద్ధిజీవి అదొక్కటే.

ఇక్కడిదాకా నవ్వవచ్చు. అసలు లెక్క ఇప్పుడు చెబుతాను. తండ్రి తెచ్చిన డబ్బు పెరగలేదు, పెట్టె పెరిగింది. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? ప్రాసెసర్ ఒక మెట్టు దిగింది. పదహారు జీబీ ఎనిమిదయింది. పేరున్న ఎస్‌ఎంపీఎస్ ఎగిరిపోయి ‘క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ ఉచితం’ వచ్చింది. ఆ ఉచితాన్ని నేను చేతిలోకి తీసుకుని చూశాను. అరచేతిలో పెడితే బరువే తెలియదు. మీద 500 వాట్లని బొటనవేలంత అంకెలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 12 వోల్టుల వరసలో 14 ఆంపియర్లు. పన్నెండు పధ్నాలుగులు నూట అరవై ఎనిమిది వాట్లు. ప్రాసెసరూ ఫ్యాన్లూ బతికేది ఆ వరస మీదే. మిగతా వాట్లు వాటికి అందేవి కావు. కరెంటు వృథా చేయదని చెప్పే 80 ప్లస్ గుర్తు ఊసే లేదు. కరెంటు ఎగుడుదిగుడైన ఒక సాయంత్రం అది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోయింది. దుకాణంవాడు స్టిక్కరు చూసి, ఉచితంగా ఇచ్చిన వస్తువుకు వారంటీ ఉండదన్నాడు.

వాడికి తెలుసు. అమ్మేటప్పుడే తెలుసు. ఆ డబ్బు ఎక్కడిదో కూడా తెలుసు, ఎందుకంటే మేనమామే గొప్పగా చెప్పాడు. కొండపి వేలంలో పొగాకు బేళ్ళు అమ్మి తెచ్చిన డబ్బు అది. కొనేవాడు బేలులోంచి ఆకు లాగి, రంగు చూసి, వేళ్ళతో నలిపి, ధర కోస్తుంటే నోరెత్తకుండా నిలబడి వచ్చిన మనిషి. అక్కడ ప్రతి ఆకునూ పట్టి చూస్తారు. ఇక్కడ డొల్ల ఇనుపముక్క మీద 500 అని అచ్చు వేసి అంటగడితే అడిగే దిక్కు లేదు. సిగ్గులేని దోపిడీ ఇది. దీపాల వెలుగులో జరిగినంత మాత్రాన వ్యాపారం అయిపోదు.

దుకాణంవాడిని తిట్టి ఊరుకుందామంటే మనసొప్పడం లేదు. వాడు పరాయివాడు. ఇంట్లో నలుగురు మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు, వాళ్ళలో ఒక్కడికీ ర్యామ్ అంటే ఏమిటో తెలియదు. తెలిసిన పిల్ల పక్కగదిలోనే ఉంది. ఆ చదువుకు ఫీజులు కడుతున్నది వీళ్ళే. చదివించడానికి పనికొచ్చిన పిల్ల, చదివినది చెబితే వినడానికి పనికిరాలేదు. కొత్త బోర్డుకు మళ్ళీ డబ్బు తెచ్చినప్పుడైనా కాగితం వెతికారా అంటే, చొక్కా ఎప్పుడో ఉతుక్కి వెళ్ళిందట.

కొత్త బోర్డు వచ్చింది. ఈసారి ఎస్‌ఎంపీఎస్ అమ్మాయే వెళ్ళి కొనుక్కుంది. రాత్రికి రాత్రే గూటి తలుపు బందులు ఊడదీసి, ముందు అద్దమూ పక్క అద్దమూ తీసి మంచం కింద పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకుని చదువుకుంటోంది. మొన్న మేనమామ వచ్చి చూసి, అద్దాలు లేకపోతే దీపాలు ఇంకా బాగా కనపడుతున్నాయని మెచ్చుకుని, ఇలాంటిదే ఇంకాస్త పెద్దది కందుకూరులో వియ్యంకుడిగారికి చూసిపెట్టమని బాబాయికి పురమాయించి వెళ్ళాడట.